బేదులు కట్టాక ముందు గంజి, చివర ఊరిబిండి

బేదులు (విరేచనాలు) కట్టి ఒక పూటైనా గడవకముందే ఉగ్గాని (బొరుగుల ఉప్మా), మిరపకాయ బజ్జి తింటే కథ మళ్లీ మొదటికొస్తుంది. మా కర్నూలు వైపు కంచంలో బలమంతా రాగులు, శెనక్కాయలు, కారానిదే. మామూలు రోజుల్లో నాకు అంతకన్నా ఇష్టమైన తిండి లేదు. చెడిన కడుపుకు మాత్రం ఈ మూడూ ఆఖరునే రావాలి.

తిండికన్నా ముందు నీళ్లు. లీటరు ఓఆర్‌ఎస్ (బేదులకిచ్చే ఉప్పు, గ్లూకోజు పొడి) ప్యాకెట్టును మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసుకింత అని అందాజుగా వేస్తే ఉప్పు పాళ్లు తప్పుతాయి. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు తలకొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. గ్లూకోజు ఉప్పును పేగు లోపలికి తీసుకుపోతుంది, వాటి వెంట నీళ్లూ పోతాయి. తీపి మరీ ఎక్కువైతే ఒంట్లో నీళ్లే పేగులోకి దిగుతాయి. కూల్‌డ్రింకు తాగితే బేదులు పెరిగేది అందుకే. వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచా చెంచాగా తాగించండి.

ఇక గంజి. ఒకరికి 50 గ్రాముల సోనా మసూరి చాలు. పొడి బాండలిలో రంగు మారకుండా వేడెక్కించి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే రవ్వవుతుంది. దాన్ని 600 మి.లీ. చల్లటి నీళ్లలో కలిపాకే పొయ్యి మీద పెట్టండి. మరిగే నీళ్లలో పోస్తే ఉండలు కట్టి, లోపల పచ్చిగా ఉండిపోతాయి. సన్నమంట మీద 20 నిమిషాలు, అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. గింజ వేళ్ల మధ్య నలిపితే పలుకు తగలకూడదు. చివర్లో పావు టీ చెంచా ఉప్పు. కుక్కర్లో పెడితే సగానికి మించి నింపవద్దు, గంజి నురుగు వెయిటు రంధ్రాన్ని మూసేస్తుంది. మిగిలింది మధ్యాహ్నానికి దాచవద్దు. ఈ ఎండల్లో అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా విషం మళ్లీ మరిగించినా పోదు.

గంజి నిలిచాక పలుచటి పెసరకట్టుతో మెత్తటి అన్నం, ఇడ్లీ, నీళ్లలో నానబెట్టి పిండిన బొరుగులు, బాగా పండిన అరటిపండు. పాలు కొన్నాళ్లు ఆపితే మేలు. పేగు పొర దెబ్బతింటే పాలలోని చక్కెరను అరిగించే రసం తగ్గుతుంది. పలుచటి మజ్జిగ చాలామందికి పడుతుంది. పసిపిల్లలకు తల్లిపాలు మాత్రం ఒక్క పూట కూడా మాన్పించకండి.

రక్తం పడినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, కళ్లు గుంటలు పడినా, మనిషి మగతగా ఉన్నా గంజితో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి పోవాలి.

మలం గట్టిపడ్డాక ముందు పలుచటి రాగిజావ, దానికి ఇబ్బంది లేకపోతే నిమ్మకాయంత సంగటి ముద్ద, కారం లేని పప్పుతో. రాగిలో పీచు ఎక్కువ, ఒక్కసారిగా పెద్ద ముద్ద దిగితే కడుపు ఉబ్బుతుంది. ఊరిబిండి, అంటే శెనక్కాయల పచ్చడి, అన్నిటికన్నా వెనక. శెనక్కాయల్లో దాదాపు సగం నూనే, పైగా అందులో మిరపకాయలు కూడా. మొదటిరోజు వేలితో తాకించుకుని నాకేంత చాలు.