న్యూజిలాండ్‌లో అద్దె కారు, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు

విదేశంలో మనమే కారు నడుపుకుంటూ తిరగాలంటే పని ఊళ్లోనే మొదలవుతుంది. మా ఇంట్లో దూరప్రయాణాలకి నడిపేది నేనే కాబట్టి తిరుపతి ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నాను. ఫీజు రూ.1000, ఏడాది చెల్లుతుంది. మన లైసెన్సు ఇంగ్లిషులోనే ఉంటుంది కనుక న్యూజిలాండ్ చట్టానికి అదే చాలు. కానీ కారు కంపెనీవాళ్లు అడిగితే పిల్లల్ని పెట్టుకుని అక్కడ ఎవరు వాదిస్తారు?

అక్కడా ఎడమ పక్కనే నడుపుతారు, అందుకే ఆ దేశం ఎంచుకున్నాం. నా టెన్షనంతా పిల్లల సీటు గురించే. ఏడేళ్లు నిండని పిల్లలకి అక్కడ చైల్డ్ సీటు తప్పనిసరి. మా చిన్నదానికి నాలుగేళ్లు, ఒళ్లో తప్ప కూర్చోదు. ఒళ్లో పెట్టుకుని కొండెక్కడం మన దగ్గర మామూలే గానీ, నాకది ఎప్పుడూ భయమే. ముందే ఒక సీటు కొని చంద్రగిరికి, శ్రీకాళహస్తికి అందులోనే కూర్చోబెట్టి తిప్పాం. మొదట్లో ఏడ్చింది, తర్వాత అలవాటుపడింది. మేం చేసిన ఏర్పాట్లలో అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే.

క్రైస్ట్‌చర్చ్‌లో కారుతో ఇచ్చిన సీటు ఎంత బిగించినా ఊగుతోంది. వెనక క్యూ ఉన్నా సరే, ఇంకోటి ఇచ్చేదాకా కదల్లేదు. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దండీ.

తిరుమల ఘాట్‌లో ఎక్కే దారి, దిగే దారి వేరు. న్యూజిలాండ్‌లో మాత్రం కొండ మలుపుల్లో ఎదురు బండ్లు వస్తాయి. భాకరాపేట ఘాట్ నడిపినవాళ్లకి అది కొత్త కాదు. కొత్తగా అనిపించింది ఒక్క బండే పట్టే వంతెనలు. గుండ్రటి బోర్డు మీద మన వైపు బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే మనం ఆగాలి. నీలం బోర్డు మీద మన బాణం పెద్దగా, తెల్లగా ఉంటే ముందు మనం వెళ్లొచ్చు. అయినా నిదానించి చూసుకునే వెళ్లేదాన్ని. ఊళ్లు దాటాక చాలా రోడ్ల మీద పరిమితి గంటకి 100 కిలోమీటర్లు. అంత వేగం నాకు అక్కర్లేదు. వెనక బండ్లు చేరితే వీలున్న చోట పక్కకి తీసి దారిచ్చేదాన్ని.

క్రైస్ట్‌చర్చ్ నుంచి టెకపో సరస్సుకి మ్యాప్ మూడు గంటలంటుంది. పిల్లలున్నవాళ్లు ఆ లెక్క నమ్మకండి. జెరాల్డిన్‌లో ఆగాం, ఫెయిర్లీలో ఆగాం. పెద్ద దూరాలు భోజనం అయ్యాక, చిన్నది నిద్రపోయే వేళకి పెట్టుకున్నాం. కొండల మధ్య ఫోన్ సిగ్నల్ పోతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

తినేవి ఏం తీసుకెళ్లినా ఎయిర్‌పోర్టు ఫారంలో రాయాలి, దాస్తే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. మా కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ రాసి చూపిస్తే పంపించేశారు. దారిలో పిల్లల కడుపు నింపింది అవే.

కారు డిపాజిట్‌కి నడిపేవారి పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు. కారు తీసుకునేటప్పుడు, తిరిగిచ్చేటప్పుడు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. పెట్రోలు రసీదు డిపాజిట్ వెనక్కి వచ్చేదాకా పారేయకండి.