బేరం వెనక్కి తీసుకున్నాను

నాన్న ఆపరేషన్ రోజు. థియేటర్ తలుపు మీద ఎర్ర లైట్ వెలుగుతూనే ఉంది. ఒళ్లో బైబిల్ తెరిచే ఉంది కానీ, ఒకే వచనం మీద బొటనవేలు పెట్టి పదిసార్లు చదివినా ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ప్రార్థన అనుకుంటూ నేను చేసింది బేరం. "ప్రభువా, నాన్నను కాపాడు, ఇక ఒక్క ఆదివారం కూడా మానను." సండే స్కూల్లో పిల్లలకు విశ్వాసం గురించి చెప్పేది నేనే మరి!

అప్పుడు మార్కు సువార్త 9వ అధ్యాయంలోని తండ్రి గుర్తొచ్చాడు. దయ్యం పట్టిన కొడుకును యేసు దగ్గరికి తెచ్చి, నమ్ముతున్నాను అంటూనే నా అపనమ్మకం పోయేలా సాయం చేయమన్నాడు. ఒకే నోట రెండూ. యేసు అతన్ని కసరలేదు, సందేహం తీరాక రమ్మనలేదు. పిల్లవాణ్ణి బాగుచేశాడు. దేవుడు ఒక్కడేనని దయ్యాలు కూడా నమ్మి వణుకుతాయని బైబిల్లోని తన లేఖలో యాకోబు రాశాడు కదా. ఉన్నాడని ఒప్పుకోవడం నాకెప్పుడూ కష్టం కాలేదు. బరువు ఆయన మీద వదిలేయడమే చేతకాలేదు.

బైబిల్ మూశాను. "భయంగా ఉంది ప్రభువా, నాన్న నీ చేతుల్లో ఉన్నాడు" అన్నాను, అంతే. టెన్షన్ ఏమీ తగ్గలేదు. లైట్ ఆరలేదు. పక్క కుర్చీలో ఎవరో పెద్దావిడ ఏడుస్తుంటే లేచి వెళ్లి మంచినీళ్లు ఇచ్చాను.