రాళ్ల వానకు ఎదురెళ్లి

టెక్సస్‌లోని విచిటా ఫాల్స్‌లో కారుకు పెట్రోలు పోసుకుంటుంటే అమ్మ ఫోన్. మాకు ఉదయం తొమ్మిదిన్నర, సిద్దిపేటలో రాత్రి ఎనిమిది. "ఏడికి వోతున్నవ్ బిడ్డా?" అంటే అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. మబ్బుల వెంట పోతున్నానన్నాను.

"గాలిదుమారం, రాళ్ల వాన వస్తదంటే మేము వడ్ల కుప్పల మీద తాడిపత్రులు గప్పి ఇంట్లకు ఉరుకుతం. నువ్వేందిర, పనిగట్టుకొని ఎదురువోతున్నవ్?"

దీనికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. డాలస్ వచ్చిన దగ్గర్నుంచి ప్రతి మే నెలలో నాలుగైదు రోజులు సెలవు దాచుకుని, బందరు మిత్రుణ్ణి ఎక్కించుకుని, 287 హైవే మీద వాయవ్యానికి పడతాను. మబ్బులోంచి నేలదాకా దిగే సుడిగాలుల కోసమే ఈ తిరుగుడు. పుట్టినరోజు పార్టీల్లో మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని టోర్నడోలు చూశావ్?" అని. రెండు. అందులో ఒకటి ఎంత దూరాన ఉందంటే, ఫోటో చూపిస్తే "ఏదీ?" అంటారు. మిగతావన్నీ ఉత్త చేతులతో తిరిగొచ్చిన రోజులే. ఎవరూ అడగరు గానీ నాకు చెప్పాలనిపించేవి అవే.

మొదటి ఏడాది పడూకా దగ్గర, అప్పుడే విత్తిన పత్తి చేల మధ్య ఆగాం. మధ్యాహ్నం మూడు. కారు దిగగానే మావాడు గాలి పీల్చి, "మామా, అచ్చం మా బందరు ఉక్క" అన్నాడు. తప్పేం లేదు, అది మెక్సికో గల్ఫ్ నుంచి వచ్చిన సముద్రపు తేమే. పడమటి ఎడారుల పొడిగాలి దానికి తగిలే గీతను డ్రైలైన్ అంటారు. ఇక్కడ వసంతకాలపు పెద్ద మబ్బులు చాలావరకు పుట్టేది అక్కడే. చిక్కల్లా ఏమిటంటే, మెక్సికో పీఠభూమి మీద కాగిన గాలి ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తున పొరలా వచ్చి కూర్చుంటుంది. కింది తేమగాలి దాన్ని తోసుకుని పైకి పోలేదు. మాలా మబ్బుల వెంట పడే చేజర్లు దాన్ని క్యాప్ అంటారు, అంటే మూత. ఆ మూత మరీ పలచనైతే పొద్దున్నే చిల్లర మబ్బులు లేచి సత్తువంతా ఖర్చయిపోతుంది. మరీ గట్టిదైతే ఏమీ జరగదు.

ఆ రోజు గట్టిది. ఐదింటికి సన్నటి మబ్బు ఒకటి నిటారుగా లేచింది. పులిహోర డబ్బా మూసి కెమెరా తీసేలోపు నీళ్లలో వేసిన ఉప్పులా కరిగిపోయింది. ఇంకోటి లేచింది, అదీ అంతే. వీటికి చేజర్లు పెట్టుకున్న ముద్దుపేరు టర్కీ టవర్లు. అదే కూడలిలో మాతోపాటు ముప్పై కార్లు. అందరూ తలెత్తి నీలాకాశాన్ని చూస్తున్నారు. దారిన పోయే రైతు ట్రక్కు ఆపి, మేం చూస్తున్న వైపు తనూ కాసేపు చూసి, తల ఊపి వెళ్లిపోయాడు. పొద్దుగూకాక స్టేక్ హోటల్‌కు పోతే, ఆ రోజు శనివారం కావడంతో మావాడికి ఉడకబెట్టిన బంగాళాదుంపే గతి.

మా సంగతి అలా ఉంచండి. 2009లో వోర్టెక్స్-2 అని వందమందికి పైగా పరిశోధకులు రాడార్ ట్రక్కులతో వారాల తరబడి ఈ మైదానాలన్నీ గాలించారు. ఆ ఏడాదికి సరిగ్గా దొరికింది ఒక్క టోర్నడోయే, జూన్ 5న వయోమింగ్‌లో. అది చదివాక ఆ బంగాళాదుంప అంత చేదనిపించలేదు.

2019 మే 20 వేరే రకం. నార్మన్‌లోని తుఫాను హెచ్చరికల కేంద్రం హై రిస్క్ ప్రకటించింది, వాళ్ల స్కేలులో అంతకు మించింది లేదు. సరిగ్గా ఆరేళ్ల కిందట అదే తేదీన మూర్ పట్టణంలో టోర్నడోకు 24 మంది పోయారు. అందుకే ఓక్లహామా సిటీ చుట్టుపక్కల బడులు మూసేశారు. నేను ఆఫీసులో జ్వరమని చెప్పాను. తీరా చూస్తే నేలకు అంటుకున్న బూడిదరంగు మేఘం, ఒకదాని వెనక ఒకటి వాన. రాడార్ మీద సుళ్లు కనిపిస్తున్నాయి, అద్దంలోంచి ముందు కారు కనిపించడం లేదు. ఓక్లహామా సరిహద్దులోని రెడ్ రివర్‌కు ఇవతలే వెనక్కి తిరిగాం. మర్నాడు అందరూ "బస్ట్" అన్నారు, అంటే తుస్సుమందని. ఆ మాట నాకు నచ్చదు. నది అవతల మంగమ్ దగ్గర ఒకటి పడనే పడింది. అక్కడివాళ్లకది బస్ట్ కాదు కదా.

ఇక అమ్మ ఫోన్ చేసిన రోజు. ఎస్టలీన్ దగ్గర హైవే వదిలి, టర్కీ అనే చిన్న ఊరు దాటి (టవర్ల పేరుతో దానికేం సంబంధం లేదు), కిటిక్వే చేరేసరికి ఆరు. ఊరికి ఉత్తరాన కాప్‌రాక్ కాన్యన్స్ పార్కు. అక్కడ మైదానం ఒక్కసారిగా తెగి, ఎర్రమట్టి లోయల్లోకి జారుతుంది. అంతవరకు మైలుకో అడ్డరోడ్డు చొప్పున ఉన్న దారులు అక్కడ మాయమవుతాయి. అలాంటిచోట సుడి ఎదురైతే పారిపోయే దారి ఉండదని మావాడు గొణిగాడు. వాడి భయం ఊరికే పుట్టింది కాదు. 2013 మే 31న ఓక్లహామాలోని ఎల్ రీనోలో రెండున్నర మైళ్లకు పైగా వెడల్పైన టోర్నడో, దశాబ్దాల అనుభవమున్న టోర్నడో పరిశోధకుడు టిమ్ సమారాస్‌ను, ఆయన కొడుకును, సహచరుణ్ణి కారుతో సహా పొట్టన పెట్టుకుంది. ఊరికి మళ్లే దారి చూసుకునే ఆగాం.

పడమట ఒకే ఒక్క మబ్బు. కింద వాన లేదు. అందుకే పైనుంచి కిందిదాకా దాని ఒళ్లంతా కనిపిస్తోంది. కుమ్మరి సారె మీద కుండ లేస్తున్నప్పుడు వేళ్ల గీతలు పడతాయే, అలా చుట్టూ గీతలతో మెల్లగా తిరుగుతోంది. కంటికి తెలిసేంతగా తిరుగుతోంది. మా వీపుకు తగులుతున్న వెచ్చటి గాలి నేరుగా దాని కడుపులోకి పోతోంది. ఉరుము ఆగకుండా చిన్నగా ముక్కుతోంది. ముందు గడ్డిలో బైసన్లు, ఇక్కడి అడవిదున్నలు, పది పన్నెండు, తలలు అటే తిప్పి కదలకుండా నిలబడ్డాయి.

అప్పుడు రోడ్డు మీద టప్‌మని ఏదో పడి ఎగిరింది. నిమ్మకాయంత మంచురాయి. అర నిమిషం తర్వాత ఇంకోటి. చినుకు లేదు, రాళ్లే. మేం వడగళ్ల వాన అని పుస్తకాల్లో రాసేదాన్ని మా అమ్మ రాళ్ల వాన అని ఎందుకంటుందో అప్పుడు అర్థమైంది. మావాడు టోపీ మీద చేతులు అడ్డం పెట్టుకుని పరుగెత్తి, ఒక రాయి ఏరుకొచ్చి పెరుగన్నం పక్కన ఐస్ పెట్టెలో పెట్టాడు.

మబ్బు అడుగున ఒక ముద్ద దిగింది. తిరిగింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టాం. నాలుగు నిమిషాలు అలాగే వేలాడి, మళ్లీ పైకి పీల్చేసుకుంది. చూస్తుండగానే మబ్బు మొత్తం చిక్కడం మొదలైంది. నారింజరంగు స్తంభం, తర్వాత మెలితిరిగిన తాడు, తర్వాత ఒక పోగు. తొమ్మిది దాటాక అక్కడ చుక్కలున్నాయి. బైసన్లు మళ్లీ గడ్డి మేయడంలో పడ్డాయి. చలేస్తోందని మావాడు కారెక్కాడు.

ఇల్లు చేరేసరికి రాత్రి రెండు. సిద్దిపేటలో పట్టపగలు. ఫోన్ చేశాను.

"పడ్డదా?"

"పడలే అమ్మా."

"మంచిగైంది. ఈడ మబ్బు వట్టింది, వడ్లు కప్పి మల్ల మాట్లాడ్త" అని పెట్టేసింది.