లాసన్స్ బే డాబాల మీద

పొద్దున కాఫీ తాగుతూ చూస్తే, విశాఖలో డాబాల మీద మేం పెట్టిన, ట్యాంకుల నీటిమట్టం చెప్పే నోడ్లలో (సెన్సరూ రేడియోా ఉన్న చిన్న డబ్బాల్లో) సముద్రం వైపువి రెండు రాత్రినుంచీ పలకడం లేదు. "వాన పడింది కదక్కా, సిగ్నల్ పోయుంటాది" అన్నాడు మా కుర్రాడు. తక్కువ కరెంటుతో దూరానికి చిన్న చిన్న కబుర్లు పంపే మా లోరా రేడియోలు నడిచే 865 మెగాహెర్ట్జ్ దగ్గర వాన సిగ్నల్‌ని ఆపేది దాదాపు ఏమీ ఉండదు. అది కనెక్టర్‌లోకి దిగితేనే తంటా. ఎన్నిసార్లు చెప్పినా వాడు ముందు ఆకాశం వైపే చూస్తాడు.

మొదటి అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ తాత గేటు తీస్తూనే "ఏటమ్మా, మళ్లీ పాడైపోనాదేటి?" అన్నాడు. గొంతులో కాస్త సంతోషమే వినిపించింది. ఇదివరకు ట్యాంకు పొంగిపోయినా ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు నేరుగా సెక్రటరీగారి ఫోన్‌కి వెళ్లిపోతోంది మరి.

డబ్బా మూత తీస్తే అడుగున నీళ్లు. అవి వాన నీళ్లు కావు. పగలు ఎండకి లోపలి గాలి వేడెక్కి రబ్బరు అంచుల సందుల్లోంచి బయటికి పోతుంది. సాయంత్రం చల్లబడగానే డబ్బా మళ్లీ గాలి పీల్చుకుంటుంది. ఇక్కడ పీల్చుకునేది ఉప్పూ తేమా కలిసిన సముద్రపు గాలి. నీళ్లు దిగుతున్నాయని మరలు ఇంకా బిగిస్తారు, అదే పొరపాటు. నీటిబొట్టుని ఆపి ఆవిరిని మాత్రం వదిలే పొర ఉన్న చిన్న వెంట్ అడుగున పెట్టాలి. అవి పెట్టిన డబ్బాలు పొడిగానే ఉంటున్నాయి. యాంటెన్నా కనెక్టర్ విప్పితే మధ్య పిన్ను చుట్టూ పచ్చగా కిలుము. తుడిచి వాడే దశ దాటిపోయింది. కొత్త కేబుల్ ముక్క వేసి, సాగదీసి చుడితే తనలో తానే అతుక్కుపోయే రబ్బరు టేపు చుట్టాం. కేబుల్‌ని డబ్బాలోకి పోనిచ్చే ముందు కిందికి ఒక వంపు తిప్పాం, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

రెండోదాని సంగతి వేరు. కనెక్టర్ తళతళలాడుతోంది, మల్టీమీటర్ పెడితే బ్యాటరీ 3.6 వోల్టులు చూపిస్తోంది. లిథియం థయోనిల్ క్లోరైడ్ బ్యాటరీలతో ఇదే బాధ. దాదాపు ఖాళీ అయ్యేదాకా అదే వోల్టేజీ చూపిస్తాయి. చిన్న రెసిస్టర్ తగిలించి లోడ్ మీద కొలిస్తే ముల్లు కూలబడింది. ఏళ్లు రావాల్సిన బ్యాటరీ ఇంత తొందరగా ఎందుకు అయిపోయిందంటే, పక్కన లేచిన కొత్త బిల్డింగు ఎంవీపీ కాలనీలోని మా గేట్‌వేకి, అంటే నోడ్ల కబుర్లన్నీ అందుకుని ఇంటర్నెట్‌కి పంపే పెట్టెకి, అడ్డొచ్చింది. సిగ్నల్ బలహీనపడితే నోడ్ స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ పెంచుకుంటుంది, అంటే అదే మాటని సాగదీసి చెబుతుంది. 7 నుంచి 12కి వెళ్తే గాలిలో ఉండే సమయం 20 రెట్లకు పైగా పెరుగుతుంది. ఆ మేరకు బ్యాటరీ హరించుకుపోతుంది.

యాంటెన్నా కాస్త ఎత్తుకి లేపుదామంటే సెక్రటరీగారు ఒప్పుకోలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ డాబా మీదున్నవన్నీ ఎటు విసిరేసిందో ఆయన వేలితో చూపించి మరీ చెప్పారు. తుపాన్ల నెలలు ముందున్నాయి, వాదించబుద్ధి కాలేదు. ట్యాంకుకి అవతలి గోడకి మార్చాం. సిగ్నల్ మెరుగైంది. "మా ఇంట్లో వైఫై ఉందిగా, దానికే కలపొచ్చుగా" అన్నారాయన. వైఫై తినే కరెంటుకి ఈ బ్యాటరీ ఎన్నాళ్లో ఆగదని చెబితే, సరే మీ ఇష్టం అన్నారు.

సాగర్‌నగర్‌లోని నోడ్లు మాత్రం ఏ సర్దుబాటుకీ లొంగడం లేదు. మధ్యలో కైలాసగిరి. కొండని పక్కకి జరపలేం కాబట్టి అటువైపు రెండో గేట్‌వే పెట్టడం తప్ప దారి లేదు. సాయంత్రం ఒక ఇంటాయనతో మాట్లాడాను, డాబా ఇస్తానన్నారు. కరెంటు బిల్లు సంగతేంటని అడిగారు. ఆ పెట్టె 5 వాట్లు, రోజంతా నడిచినా నెలకి నాలుగు యూనిట్లు కూడా కాదన్నాను. నమ్మలేదు. రేపు బిగించే ముందు మీటరు ఫోటో తీసి పెట్టుకుంటారట. పెట్టుకోనీ.