ధ్రువుడు, అగస్త్యుడు, మధ్యలో మా పర్లాకిమిడి

ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడి ఆకాశంలో ఒక విశేషం ఉంది, ఊళ్ళో చాలామంది గమనించరు. మాఘమాసంలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో మేడెక్కి ఉత్తరంగా చూస్తే ధ్రువ నక్షత్రం, వెనక్కి తిరిగి దక్షిణంగా చూస్తే అగస్త్య నక్షత్రం, రెండూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి. మన ఊరు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి ధ్రువుడు నేలకి దాదాపు 19 డిగ్రీల పైన నిలబడి ఉంటాడు, అగస్త్యుడేమో ఎంత పైకొచ్చినా పద్దెనిమిదిన్నర డిగ్రీలు దాటడు. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు పది డిగ్రీలు, అంటే అటు రెండు పిడికిళ్ళు, ఇటు రెండు పిడికిళ్ళు, అంతే లెక్క.

లాంగ్ ఎక్స్‌పోజర్ ఫోటోలు (కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచి తీసేవి) మొదలుపెట్టాకే ఇది నాకు తెలిసింది, అంతకుముందు చుక్కలు చుక్కలే. కెమెరా ట్రైపాడ్ మీద పెట్టి ఉత్తరం వైపు గంటసేపు వదిలేస్తే చుక్కలన్నీ ధ్రువుడి చుట్టూ గీతలు గీస్తాయి, భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది కదా, ప్రతి గీతా సరిగ్గా 15 డిగ్రీల ముక్క. ధ్రువుడు మాత్రం కదలడని అనుకుంటాం గానీ ఆకాశం తిరిగే అసలు కేంద్రానికి ఒక డిగ్రీలోపు పక్కకి ఉంటాడు, రాత్రంతా తీస్తే ఆయన కూడా చిన్న వంపు గీస్తాడు, ఫోటోని జూమ్ చేసి చూడండి, ముచ్చటేస్తుంది. తూర్పు వైపు పెడితే గీతలు ఏటవాలుగా దాదాపు నిటారుగా లేస్తాయి, దక్షిణం వైపు పెడితే కిందెక్కడో కనపడని కేంద్రం చుట్టూ కమానుల్లాగ వస్తాయి. ఒకే మేడ మీంచి మూడు దిక్కులకీ మూడు రకాల ఆకాశాలు.

ప్రయాణాల్లో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. లడఖ్‌లో హన్లే వెళ్ళినప్పుడు (2022లో దాన్ని డార్క్ స్కై రిజర్వ్‌గా, అంటే రాత్రి చీకటిని కాపాడే ప్రాంతంగా ప్రకటించారు, మన దేశంలో అదే మొదటిది) ధ్రువుడు మెడ బాగా ఎత్తి చూసేంత పైన ఉన్నాడు, 33 డిగ్రీలు, చుట్టూ పెద్ద పెద్ద వలయాలు, పాలపుంత అయితే మేఘమేమో అనుకునేంత చిక్కగా ఉంది. కన్యాకుమారిలో మాత్రం ఎనిమిది డిగ్రీలే, చెట్టు అడ్డొస్తే ధ్రువుడే ఉండడు. అంటే స్టార్ ట్రయల్ (చుక్కల గీతల) ఫోటో చూసి, వలయాల మధ్యభాగం నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలిస్తే ఆ ఊరి అక్షాంశం చెప్పేయొచ్చు. ఎవరో తీసిన ఫోటో మన ఊరిదని పెట్టుకుంటే ఆకాశమే పట్టిచ్చేస్తుంది. నాకు ఈ మాట చాలా ఇష్టం, ఎందుకంటే ప్రతి ఊరికీ తనదంటూ ఒక ఆకాశం ఉందని దీనర్థం, హన్లే ఆకాశం ఎంత గొప్పదైనా అది మనది కాదు, మనది మనం తీసుకోవాల్సిందే.

ఇంకోటి, దూరప్రయాణంలో ఒక రాత్రి దొరుకుతుంది, ఆ రాత్రి మబ్బు పడితే అంతే సంగతులు. ఇంటి దగ్గరైతే అలా కాదు, ఏ చెట్టు మీదికి ఏ నెలలో ఏ చుక్క వస్తుందో మనకే తెలిసిపోతుంది, వీధి లైట్లు ఎటున్నాయో, ఏ మలుపులో లారీ లైటు లెన్స్‌లోకి కొడుతుందో అంతా కంఠస్థం. నన్నడిగితే ఈ పని నేర్చుకునేది ఇంటి దగ్గరే, టూర్లలో కాదు.

సెట్టింగుల గురించి అందరూ అడుగుతారు కాబట్టి రాస్తున్నా. చుక్కలు చుక్కల్లాగే రావాలంటే 500ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద ఎంఎంలో రాసి ఉండే అంకె) భాగించండి, 20 ఎంఎం లెన్స్ ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాకి 25 సెకన్లు, 1.5 క్రాప్ (చిన్న) సెన్సర్ మీద ఫోకల్ లెంగ్త్‌ని ముందు 1.5తో హెచ్చించాలి, 18 ఎంఎం అయితే 18 సెకన్ల దగ్గర, అది దాటితే చుక్కలు సాగిపోతాయి. అపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) ఎఫ్ 2.8, లేకపోతే మీ లెన్స్‌కి ఎంత ఉంటే అంత తెరిచేయండి, ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) 1600 నుంచి 3200. ట్రైపాడ్ మీద పెట్టినప్పుడు స్టెబిలైజేషన్ (చేతి వణుకు సరిచేసే సదుపాయం) ఆపేయాలి, రెండు సెకన్ల టైమర్ పెట్టాలి. ఆటోఫోకస్ చీకట్లో పనిచేయదు, లైవ్ వ్యూలో (కెమెరా వెనక స్క్రీను మీద) ఒక పెద్ద చుక్కని పట్టుకుని పది రెట్లు జూమ్ చేసి, రింగు మెల్లగా తిప్పుతూ ఆ చుక్క వీలైనంత చిన్నదయ్యేదాకా చూడాలి, ఓపికంతా అక్కడ పెట్టండి, మిగతావన్నీ కంప్యూటర్‌లో ఎంతోకొంత సరిచేసుకోవచ్చు గానీ ఫోకస్ పోతే పోయినట్టే. గీతలు కావాలంటే ముప్పై సెకన్లవి వరసగా 120 తీసి స్టార్‌స్టాక్స్ లాంటి ఉచిత ప్రోగ్రాంలో కలిపితే గంట ఎక్స్‌పోజర్ అవుతుంది. అప్పుడు కెమెరాలో ఉండే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఫోటోలో మచ్చలు తగ్గించే సదుపాయం) ఆపాల్సిందే, అది ప్రతి ఫోటో తర్వాత ఇంకో ముప్పై సెకన్లు తీసుకుంటుంది, గీత తెగిపోయి చుక్కలు చుక్కలుగా వస్తుంది.

చంద్రుడు అడ్డురాని తేదీ కోసం యాప్‌లు ఉన్నాయి గానీ ఇంట్లో పంచాంగం చాలు. బహుళ అష్టమి దాటాక చంద్రుడు అర్ధరాత్రి తర్వాతే వస్తాడు, రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యం అవుతూ అమావాస్యకి పూర్తిగా తప్పుకుంటాడు. కొండలు, పొలాలు కూడా కాస్త కనపడాలంటే శుద్ధ పంచమి నుంచి అష్టమి మధ్య, ఆ వెన్నెల ముందుభాగానికి సరిపోతుంది. పాలపుంత నడిబొడ్డు కావాలంటే మాత్రం ఫాల్గుణ, చైత్రాల్లో తెల్లవారుజామున లేవాలి, వానాకాలం మబ్బుల్లో మనకెలాగూ కనపడదు, మళ్ళీ దసరా దాటాక సాయంత్రం కాసేపు నైరుతిలో దొరుకుతుంది.

ఇక శివరాత్రి. మహేంద్రగిరి (1,501 మీటర్లు) మీద భీముడి గుడి, కుంతి గుడి ఉన్నాయి కదా, ఆ రాత్రి అటు గజపతి జిల్లా నుంచీ ఇటు శ్రీకాకుళం వైపు నుంచీ జనం కొండెక్కుతారు. తిథి మాఘ బహుళ చతుర్దశి, చంద్రుడు తెల్లవారబోయే ముందుగానీ రాడు, అంటే లాంగ్ ఎక్స్‌పోజర్ తీసేవాళ్ళకి ఏడాదిలో దొరికే చక్కని చీకటి, పైగా జాగరణ కాబట్టి రాత్రంతా ఎక్కడికెళ్ళావని ఇంట్లో ఎవరూ అడగరు! దారిలో నడిచేవాళ్ళ చేతుల్లో టార్చిలు, సెల్‌ఫోన్ లైట్లు, ముప్పై సెకన్లు తెరిస్తే మలుపులన్నీ వెలుగుదారంతో కుట్టినట్టు వస్తాయి, మనుషులు మాత్రం కనపడరు. ఆగి నిలబడి ఊపిరి తీసుకున్నవాళ్ళు మసకగా పడతారు. 1838లో పారిస్ వీధిని డాగేర్ (ఫోటో తీసే తొలి పద్ధతుల్లో ఒకటి కనిపెట్టిన ఫ్రెంచాయన) తీసిన ఫోటోలో కూడా ఇదే జరిగింది, వీధి నిండా బళ్ళూ జనమూ తిరుగుతున్నా వాళ్ళెవరూ పడలేదు, బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ మనిషీ, ఆ పాలిష్ చేసేవాడూ మాత్రం పడ్డారు. మా బజారు కూడలిలో రాత్రి తీసిన ఫోటోలోనూ అంతే, బైకులు ఎర్రగీతలైపోయాయి, టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని నించున్న పెద్దాయన మాత్రం స్పష్టంగా ఉన్నాడు.

గోపాలపూర్ గురించి చెప్పకపోతే ఎలా. బరంపురం నుంచి పదిహేను కిలోమీటర్లు, అక్కడ సముద్రంలో చేపల వేటకెళ్ళే కుటుంబాల్లో చాలామంది మన తెలుగోళ్ళే. నీళ్ళు వచ్చి తగిలేచోట ట్రైపాడ్ పెట్టకండి, అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింద ఇసక లాగేస్తుంది, ఫోటో వణుకుతుంది, తడి ఇసక దాటి పైన కాళ్ళు బాగా లోపలికి గుచ్చి పెట్టాలి. ఇరవై సెకన్లు తెరిస్తే అలలన్నీ పొగమంచైపోతాయి, దూరంగా బోట్ల లైట్లు ఊగుతూ కోడిగీతల్లా పడతాయి. ఒడ్డున వల సర్దుకుంటున్న ఒక తాత అడిగాడు, "ఏటి బాబూ, సీకట్లో ఏటి తీత్తన్నావు?" అని. చుక్కలు తాతా అన్నాను. "సుక్కలు కదిలిపోతాయి గదా, ఎలాగ తీత్తావు మరి?" అన్నాడు. ఎన్నో వర్క్‌షాపుల్లో ఎవరూ మొదట్లో అడగని ప్రశ్న అది, తాతకి చెప్పక్కర్లేదు, పిల్లలకోడి (కృత్తికల గుంపు) ఎక్కడికొస్తే తెల్లారడానికి ఎంతుందో చెప్పేవాళ్ళు వాళ్ళు. కెమెరా స్క్రీను చూపిస్తే వేలుపెట్టి ఒక్కో గుంపునీ చూపించాడు, నాకు తెలియని పేర్లు కూడా చెప్పాడు, ఆ రాత్రి ఫోటోల కన్నా అదే ఎక్కువ దక్కింది.

ఒక్క విషయం గట్టిగా చెప్తాను. గోపాలపూర్‌కి ఉత్తరాన రుషికుల్య నది కలిసేచోట ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి, సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. పిల్లలు పుట్టగానే వెలుగు ఎటుంటే అటు పోతాయి, మామూలుగా సముద్రం వైపే వెలుగు ఎక్కువ కాబట్టి అటు పోతాయి, మనం టార్చి వేస్తే మన వైపు వచ్చేస్తాయి, తెల్లారితే కాకులకీ కుక్కలకీ దొరికిపోతాయి. ఆ ఇసకలో లైట్ పెయింటింగ్ (ఫోటో తీస్తూ టార్చితో వెలుగు పూయడం) అనే మాటే వద్దు, ఆ సీజన్‌లో కెమెరా పట్టుకుని అటు వెళ్ళకపోతే ఇంకా మంచిది. ఫోటో రేపైనా తీసుకోవచ్చు.

మా గజపతి జిల్లాలోనే మోహన ఊరి దగ్గర చంద్రగిరి కూడా ఒకసారి చూడండి, టిబెటన్లు ఉండే ఊరు, 2010లో దలైలామా ప్రారంభించిన పెద్ద మఠం ఉంది. అక్కడి రంగురంగుల ప్రార్థన జెండాలు గాలికి కొట్టుకుంటుంటే పది సెకన్ల ఎక్స్‌పోజర్‌లో ఐదు రంగులూ ఒకదాంట్లో ఒకటి కరిగిపోతాయి. చలికాలం అక్కడ మంచు బాగా పడుతుంది, లెన్స్ మీద తేమ పడితే గంట పని నీరైపోతుంది, వేడి పుట్టించే చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి, లెన్స్ చుట్టూ రబ్బరుబ్యాండ్‌తో కట్టేయండి.

నా మనసులో ఇప్పుడున్నది ఒక్క ఫోటో. మహేంద్రగిరికి సూటిగా దక్షిణాన నిలబడితే ధ్రువుడు కొండ మీదుగా వస్తాడు. పదిహేను కిలోమీటర్ల దూరం నుంచి కొండ ఎత్తు ఆరు డిగ్రీలు కూడా ఉండదు, ధ్రువుడు దానికి మూడింతల పైన ఉంటాడు, ఫ్రేములో రెండూ విడివిడిగా ఉంటాయి. అదే ఐదు కిలోమీటర్ల దగ్గరికొస్తే కొన పదహారు డిగ్రీల దాకా లేస్తుంది, అప్పుడు వలయాలన్నీ శిఖరం చుట్టూనే తిరుగుతాయి. చిక్కల్లా ముందున్న చిన్న గుట్టలతోనే, అవి అసలు కొండని మూసేయకూడదు, జీడితోటల్లో ఎలుగుబంట్ల భయం కూడా ఉంది కాబట్టి ఒంటరిగా వెళ్ళేది లేదు. మందస, మెళియాపుట్టి వైపు వాళ్ళెవరైనా అలాంటి ఖాళీ చోటు, చెరువు గట్టయితే మరీ మంచిది, ఎరిగుంటే చెప్పండి, పగలే ఒకసారి వచ్చి దిక్సూచి పెట్టి చూసుకుంటాను, వచ్చే శివరాత్రికి ఇద్దరు ముగ్గురం కలిసి వెళ్దాం.