ముందున్న ఆ పదిహేడు

నిన్న రాత్రి పదకొండున్నరకి స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే యంత్రం) తెర మీద గీత పైకి లేచింది. నాలుగు నెలలుగా ఈ గీత కోసమే ఎదురుచూశాను.

నేను చేస్తున్నది మనిషి ఆల్డిహైడ్ డీహైడ్రోజినేస్-2. మద్యం తాగితే ఒంట్లో పుట్టే ఎసిటాల్డిహైడ్‌ని మైటోకాండ్రియాలో ఎసిటేట్‌గా మార్చే ఎంజైమ్ ఇది. చైనా, జపాన్, కొరియాల్లో చాలామందికి కొంచెం తాగగానే మొహం ఎర్రబడుతుంది. వాళ్ల ఎంజైమ్‌లో 487వ చోట గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లం బదులు లైసిన్ ఉంటుంది. మామూలు రూపాన్నీ, ఆ మారిన రూపాన్నీ పక్కపక్కన పెట్టి కొలవాలి. అందుకే జన్యువును ఈ.కోలి బ్యాక్టీరియాలో పెట్టి రెండూ చేయిస్తున్నాం.

మొదట్లో ఆ బ్యాక్టీరియాను శబ్ద తరంగాలతో పగలగొట్టి (సోనికేట్ చేసి) సెంట్రిఫ్యూజ్‌లో తిప్పిన ప్రతిసారీ ప్రోటీనంతా అడుగున తెల్లగా, సున్నపు ముద్దలా పేరుకునేది. పైన తేటలో ఏమీ ఉండేది కాదు. ప్రోటీన్లను సైజును బట్టి విడదీసే జెల్‌ మీద నా ఎంజైమ్ సైజు అయిన 56 కిలోడాల్టన్ల దగ్గర లావుపాటి బ్యాండ్ చూసి ప్రాణం లేచొచ్చేది, అది అడుగున పేరుకున్న ముద్దను (పెల్లెట్) వేసిన వరస అని గుర్తురాగానే ఉసూరుమనేది.

ఒకరోజు ల్యాబ్‌లో పోస్ట్‌డాక్ అక్క నా సీక్వెన్స్ చూసి, "ముందున్న పదిహేడూ తీసేయలేదేంటమ్మా?" అంది.

మైటోకాండ్రియా ప్రోటీన్లు దాదాపు అన్నీ బయట తయారై లోపలికి వెళ్తాయి. ఎక్కడికి వెళ్లాలో చెప్పే చీటీలాంటి ముక్క చాలావాటికి ముందు భాగంలో ఉంటుంది. లోపలికి చేరాక దాన్ని కత్తిరించేస్తారు. కత్తిరించే ఆ ఎంజైమ్ ఈ.కోలికి లేదు. 517 అమైనో ఆమ్లాల్లో 17 పోతే మిగిలే 500 పని చేసే రూపం. నేను చీటీతో సహా క్లోన్ చేశాను.

కొత్త ప్రైమర్లు (జన్యువులో కావలసిన భాగానికి నకలు తీయడానికి వాడే చిన్న డీఎన్ఏ ముక్కలు) తెప్పించి మళ్లీ మొదలుపెట్టాను. కల్చర్‌ను ఊపే షేకర్ ఈసారి 18 డిగ్రీల్లో రాత్రంతా తిరిగింది. ప్రోటీన్ సరిగ్గా మడతపడటానికి సాయపడే గ్రోఈఎల్, గ్రోఈఎస్ అనే ఈ.కోలి ప్రోటీన్లను కూడా చేయించాను. మూడూ ఒకేసారి మార్చాను కాబట్టి మేలు ఫలానాదానిదే అని చెప్పలేను. కానీ గ్రోఈఎల్ సంగతి నాకు భలే ఇష్టం. మైటోకాండ్రియాలో ప్రోటీన్లను మడతపెట్టే హెచ్ఎస్‌పీ60, ఇదీ ఒకే వంశం. మైటోకాండ్రియా ఒకప్పటి బ్యాక్టీరియాయే కదా. మన ఎంజైమ్‌కి పుట్టింటి చుట్టాలు చేయి అందించినట్టు!

నిన్న క్యువెట్ అనే చిన్న పాత్రలో ఎన్‌ఏడీ, ఎంజైమ్ వేసి, చివర్లో ఎసిటాల్డిహైడ్ కలిపాను. ఎంజైమ్ పని చేస్తే ఎన్‌ఏడీ కాస్తా ఎన్‌ఏడీహెచ్‌గా మారుతుంది. అది పుడితే 340 నానోమీటర్ల దగ్గర రీడింగ్ పెరగాలి. పెరిగింది. నమ్మకం కుదరక ఎసిటాల్డిహైడ్ లేకుండా ఇంకోటి పెట్టాను. ఆ గీత ఐదు నిమిషాలూ కదల్లేదు.

మిగిలిన ఎంజైమ్‌ని గ్లిసరాల్‌తో చిన్న గొట్టాల్లోకి పంచి మైనస్ 80లో పెట్టేసరికి ఒంటిగంట. మారిన రూపం కాలనీలు ప్లేట్ మీద ఉన్నాయి. ఈ సాయంత్రం కల్చర్ పెట్టాలి.