వీడియో వచ్చింది, వార్త ఇంకా రాలేదు

కోనసీమలో టీకొట్టు దగ్గర చేతిలో పేపరు చూసి పార్టీ చెప్పేస్తారు. అలాంటి చోట విలేకరి పని కత్తి మీద సామే.

2022 మే 24న జిల్లా పేరుకు అంబేడ్కర్ పేరు చేర్చే గొడవలో అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. పేరు మార్పు ముసాయిదాపై అభ్యంతరాలు చెప్పడానికి 30 రోజుల గడువు ఉండగానే ఇది జరిగింది. ఆ ఒక్క వాక్యం కథనంలో లేకపోతే మిగతాదంతా అరుపులే.

అలాంటి రోజు వీడియో వస్తే, పంపినవాడికి ఫోన్ చేసి "నువ్వే తీశావా?" అనడగాలి. వాట్సాప్‌లో చేతులు మారిన కాపీలో తీసిన తేదీ, చోటు సాధారణంగా మిగలవు. అసలు ఫైలు కావాలి. ఫ్రేము ఆపి షాపు బోర్డు మీద ఊరి పేరు చదవాలి.

"ఇరువర్గాల ఘర్షణ" అని రాసేయడం మాత్రం ఒట్టి బద్ధకం. ఎవరు, ఎవర్ని, ఏ సెంటర్లో?